ఒంటిచెట్టు రైతు

మా వీధి చివరింటి బాబాయిగారిది రెండువందల గజాల స్థలం. అందులో ఇల్లు పోగా, బావి పోగా, స్కూటరు పోగా మిగిలిన చోట ఒక మామిడిచెట్టు. కానీ ఆయన మాట్లాడితే యాభై ఎకరాల ఆసామి కూడా తలదించుకోవాలి. ‘ఈ ఏడు మంచు మనల్ని దెబ్బతీసేలా ఉందోయ్’ అంటారు. ఆ ‘మనల్ని’లో నూజివీడు నుంచి ఉలవపాడు దాకా రైతులందరూ ఉంటారు.

బ్యాంకులో రిటైరైన వారానికే కడియం వెళ్ళి బంగినపల్లి అంటు తెచ్చారు. తల్లిచెట్టు వయసెంత, అంటు కట్టి ఎన్నాళ్ళయింది అని, అప్పు అడగొచ్చినవాణ్ణి నిలదీసినట్టు నర్సరీ కుర్రాణ్ణి నిలదీశారట. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గొయ్యి, టేపు పెట్టి కొలిచి మరీ తవ్వించారు. కొలత కుదరడానికి తులసికోట పక్కకి జరిగింది. పిన్నిగారు ఆ సంగతి ఇప్పటికీ మరచిపోలేదు.

మొదటి ఏడే నాలుగు గుత్తులు పూసింది. మూడేళ్ళదాకా పూత తుంచెయ్యాలని, లేకపోతే మొక్క నీరసిస్తుందని ఎవరో చెప్పారు. తుంచేశారు. ఆ పూట భోజనం చెయ్యలేదు. వేసవిలో హైదరాబాదు కూతురింట్లో రెండు నెలలుండి వచ్చేసరికి మొక్క మోడై ఉంది. పదిరోజులు బిందెలతో నీళ్ళు పోస్తే మొదట్లోంచి ఎర్రటి చిగురు తన్నుకొచ్చింది. ‘చూశావా, జాతి మొక్క! చావమన్నా చావదు’ అని వీధి వీధంతా పిలిచి చూపించారు. మరుసటేడు, 2017లో, బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు వస్తే లడ్డూలు పంచారు. అభినందనలు కూడా ఆయనే అందుకున్నారు.

చెట్టు మేడ ఎత్తు పెరిగింది. పూత మాత్రం లేదు. అంటుమామిడి నాలుగైదేళ్ళకి కాపుకి రావాలి కదండీ అని ఎవరో అంటే నేరం పిన్నిగారి మీదకి నెట్టారు. పూతకి ముందు చలికాలంలో చెట్టుని బెట్టపెట్టాలి, నీళ్ళిస్తే పూతకి బదులు చిగురేస్తుంది. ఆ మాట నిజమే. పిన్నిగారు బియ్యం కడిగిన నీళ్ళు అక్కడే పారబోస్తారన్నదీ నిజమే. డిసెంబరు వచ్చిందంటే ఆవిడ గిన్నెతో గడప దాటడం పాపం, ఈయన పేపరు మడిచి చెట్టుకి అడ్డంగా నిలబడేవారు.

ఎనిమిదో ఏట పూసింది. అప్పుడు మొదలైంది నోటుపుస్తకం. రోజూ పొద్దున్నే పిందెల లెక్క. సోమవారం నూట నలభై, గాలివాన తరవాత మంగళవారం అరవై రెండు, కింద సంతకం. పూసినదంతా కాయైతే కొమ్మలు ఆగుతాయా అని తనని తానే ఓదార్చుకునేవారు. చివరికి పదకొండు నిలిచాయి. ఏ కాయ ఎవరికో పేర్లు కూడా రాసేశారు. తొమ్మిదో కాయ నాది. తేనెమంచు పురుగుకి మందు కొట్టేరోజు నిచ్చెన పట్టుకోవడానికి రాలేదని పదకొండుకి దింపారు.

గడ్డిలో మగ్గేసి, అందరినీ పిలిచి, కోసి పెట్టారు. తినడానికి పట్టిన సేపు కంటే పళ్ళ సందుల్లో పీచు లాక్కోవడానికి పట్టిన సేపు ఎక్కువ. పులుపుకి నా ఎడమకన్ను దానంతటదే మూసుకుంది. ఎవరూ నోరు మెదపలేదు.

ఎండుకొమ్మలు కొట్టడానికి వచ్చినవాడికి మాత్రం మొహమాటం లేదు. మొదలు తడిమి చూసి, ‘బాబుగారూ, అంటు ఎప్పుడో చచ్చిపోయిందండి. ఇది కింది టెంకమొక్కండి. అంటు కింద లేచిన చిగురు గిల్లెయ్యాలి. తమరు దాన్నే పెంచేశారు’ అన్నాడు.

రెండురోజులు బాబాయిగారు అరుగు మీద కనపడలేదు. మూడోరోజు కబురుపెట్టారు.

‘టెంకచెట్టుకున్న బలం అంటుకెక్కడిదోయ్! కొమ్మలు కొట్టించి, వచ్చే చిగుళ్ళకి అంట్లు కట్టిస్తున్నాను. తూర్పుకొమ్మకి బంగినపల్లి, పడమటికొమ్మకి సువర్ణరేఖ, ఉత్తరానికి చిన్నరసం, దక్షిణానికి పునాస.’

మాట పూర్తికాకుండానే ఒక సంచి నా చేతికిచ్చారు. అందులో నాలుగు కొత్త నోటుపుస్తకాలు. అట్టలు నన్ను వెయ్యమన్నారు.