తీర్మాన వాక్యానికి గుండ్లకమ్మ వ్యాఖ్య

మూలం: “సభ్యులందరూ కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.”

అవతారిక: గిద్దలూరు మొదలుకొని తర్లుపాడు దాకా ఏ ఊరి పొదుపు సంఘం మినిట్స్ పుస్తకం తిరగేసినా ఈ వాక్యమే. కర్త ఎవరో తెలియదు. పదిమంది ఆడవాళ్లు పొద్దుగూకే దాకా అరుచుకున్నా ఇదే, టీ తాగి లేచిపోయినా ఇదే. కాళిదాస కావ్యాలకు టీక రాస్తూ మల్లినాథసూరి, మూలంలో లేనిదేదీ రాయనని ముందే చెప్పుకున్నాడు. ఆయనకు చెల్లింది. ఇక్కడ మూలంలో లేనిదే అసలు సంగతి గనుక మనకు ఆ నియమం పనికిరాదు.

ప్రతిపదార్థం: సభ్యులందరూ = వచ్చినవారును, మిరపకోతకు పోయి మర్నాడు సంతకం పెట్టినవారును; కూలంకషంగా = వానాకాలపు గుండ్లకమ్మ వలె ఒడ్లు ఒరుసుకొనునట్లు; చర్చించి = బ్యాంకు లింకేజీ అప్పును పది సమభాగాలు చేయవలెనా, అవసరాన్నిబట్టి ఇవ్వవలెనా అని వాదులాడి; ఏకగ్రీవంగా = దీని సంగతి కింద చూతము; తీర్మానించడమైనది = ఎవరు తీర్మానించారో క్రియ చెప్పదు, కనుక రేపు ఎవరినీ నిలదీయరాదని భావము.

శంక: అప్పు సంగతి చర్చించిన రోజు ఒకామె, “సమానంగా పంచితే నా వాటాకి బర్రె కాళ్లు కూడా రావొదినా” అన్నది గదా? ఇంకొకామె, “అట్టా ఎక్కువ తీసుకుని నువ్వు కట్టకపోతే ఎవురు కట్టాలక్కా, మేమేగా?” అన్నది గదా? రెండూ న్యాయమైన మాటలే. అప్పు సంఘం పేర ఉంది, ఒకరు ఎగ్గొడితే మిగిలినవారి మెడకు చుట్టుకుంటుంది. మరి ఈ రెండు మాటలూ పుస్తకంలో ఏవీ?

సమాధానం: లేవు. మౌనం అర్ధాంగీకారమని పెద్దలు. మిగిలిన అర్ధం ఎటుపోయిందని ఏ వ్యాఖ్యాతా అడగలేదు. అది నీళ్ల ట్యాంకరు దగ్గరికి పోయింది. అక్కడ కూలంకష చర్చ రోజూ జరుగుతుంది, మినిట్స్ రాసేవారు మాత్రం ఉండరు.

పూర్వపక్షం: కాదన్నవారి మాట రాస్తే సంఘం చీలుతుంది, బ్యాంకు వాళ్లు చూస్తే బాగుండదు. ఈ వాదానికి రాజసమ్మతి కూడా ఉంది. 2021 పంచాయతీ ఎన్నికల్లో పోటీ లేకుండా ఏకగ్రీవంగా గట్టెక్కిన ఊరికి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. నోరెత్తిన ఊరికి ఏమీ లేదు.

సిద్ధాంతం: ఈ కరువు నేల మీదే ఇంకో దారి నడిచింది. 2003లో మొదలైన ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే పథకం (మంత్రం కాదు, రైతులే భూగర్భజలాన్ని చూసుకునే ఏర్పాటు) ఏడు కరువు జిల్లాల్లో పనిచేసింది. వాటిలో అప్పటికి ఈ ఊళ్లున్న ప్రకాశం ఒకటి. రైతులే వాన కొలిచారు. బావుల్లో నీటిమట్టం కొలిచి, అందరికీ కనబడేలా రాసి పెట్టారు. రబీకి ముందు కూర్చుని, భూమిలో ఎంత నీరుంది, ఎవరు ఏ పైరు వేయాలనుకుంటున్నారు, అన్నిటికీ ఎంత కావాలి అని లెక్క తీశారు. లోటు తేలిందనుకోండి, అప్పుడేం చేశారు? ఏమీ తీర్మానించలేదు. వరి వేయరాదన్న కట్టుబాటు లేదు, జరిమానా లేదు, ఎవరి చేను వారిది. అయినా చాలాచోట్ల రైతులు తమంతట తామే నీటి వాడకం తగ్గించుకున్నారని 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక చెప్పింది. వారు ఒప్పుకున్నది లెక్క ఒక్కటే. బావిలో నీటిమట్టం కొలిచింది తామే గనుక దాన్ని కాదనలేరు. ఏ పంట వేయాలన్నదాని మీద ఎవరి మాట వారికి మిగిలింది.

శంక: చేను ఎవరిది వారిది, అప్పు మాత్రం ఉమ్మడిది. ఈ న్యాయం సంఘానికి అతుకుతుందా?

సమాధానం: సగమే అతుకుతుంది. చివరికి ఏదో ఒకటి అందరూ కలిసి తేల్చక తప్పదు. అయితే ముందు లెక్క పరిస్తే తిట్లు తగ్గుతాయని నా నమ్మకం. ఎవరికెంత కావాలి, ఎవరి పాత బాకీ ఎంత అన్నది మధ్యలో ఒక పలక పెట్టి రాయాలి. మార్కాపురం పలకలకు గిరాకీ తగ్గిందంటారు గదా, ఇందుకైనా ఒకటి కొనవచ్చు.

పాఠాంతరం: “ఏడుగురు సమభాగమన్నారు. ముగ్గురు కాదన్నారు, వారి కారణాలు ఇవి. ఈసారికి సమభాగమే; బర్రె కొనే ఆమెకు పొదుపు సొమ్ములోంచి అంతర్గత అప్పు. ఆరు నెలలకు మళ్లీ చూడాలి.”

ఈ పాఠాన్ని బుక్ కీపరమ్మకు చూపితే, “ఇంత రాస్తే సంతకాలకు చోటేదండీ?” అన్నది.