సొంత డబ్బా కొట్టుకున్న చాంపియన్లు

ఒక చెత్తడబ్బా. ఒక బ్యాటు. డబ్బాను బాదడానికి ఖాళీగా ఉన్న ఒక మనిషి. బేస్‌బాల్‌లో ప్రపంచ విజేత కావడానికి ఇంతకన్నా పెట్టుబడి కావాలా? ప్రపంచం అంటే ఏమనుకునేరు! అమెరికా, పక్కన టొరంటో. అంతే.

హ్యూస్టన్ ఆస్ట్రోస్ 2017లో పెట్టిన పెట్టుబడి అదే. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడు పిచర్. ఏ బంతి వెయ్యాలో అప్పట్లో బ్యాటర్ వెనక కూర్చున్న క్యాచర్ వేళ్లతో సైగ చేసేవాడు. ఆ సైగ బ్యాటర్‌కు ముందే తెలిసిపోతే? బుమ్రా పరుగు మొదలెట్టకముందే యార్కరో, స్లో బాలో ఎవరో చెవిలో ఊదినట్టే. ఆస్ట్రోస్ వాళ్లు సెంటర్ ఫీల్డ్ కెమెరాను ఆ వేళ్ల మీద పెట్టారు. డగౌట్ వెనక సందులో గోడకు మానిటర్ బిగించారు. పక్కనే చెత్తడబ్బా. మెలిక తిరిగే బంతి అయితే ధన్‌మని మోత. చప్పుడు లేదంటే ఫాస్ట్‌బాల్. కోట్ల డాలర్ల జీతాలు, డేటా విశ్లేషకుల పటాలం, అంతా చేసి చివరికి వాళ్లు నమ్ముకున్నది మునిసిపాలిటీ సామగ్రిని!

ఆ జట్టు అభిమానే ఒకాయన ఓపిగ్గా 58 సొంతగడ్డ మ్యాచుల వీడియోలు ముందేసుకుని, 1,143 బంతులకు ముందు ఆ మోత వినిపించిందని లెక్క తేల్చాడు. అభిమానికి వినపడింది. లీగ్‌కు ఎందుకు వినపడలేదు?

తప్పని ఆటగాళ్లకు తెలీదా? భేషుగ్గా తెలుసు. 2017 సెప్టెంబర్‌లో వైట్ సాక్స్ పిచర్ డానీ ఫార్కర్ హ్యూస్టన్‌లో బంతి వెయ్యబోతూ ఆ చప్పుడు విన్నాడు. ఆగాడు. క్యాచర్‌ను పిలిచి సైగలు మార్చేశాడు. అంతే, ఆస్ట్రోస్ డగౌట్‌లో గుండెలు జారిపోయాయి. మ్యాచ్ ముగియకముందే గోడ మీది మానిటర్ ఊడబెరికి ఓ ఆఫీసు గదిలో దాచారు. ‘అందరూ చేసేదే కదా’ అనుకున్నవాళ్లు టీవీని ఎందుకు దాస్తారండీ? పోనీ అంతటితో బుద్ధి వచ్చిందా? ప్లేఆఫ్స్‌కు బల్ల మీద ఇంకో మానిటర్ వెలిసింది.

మేనేజర్ ఏజే హించ్‌కు ఈ వ్యవహారం గిట్టలేదట. రెండుసార్లు మానిటర్‌ను పాడుచేశాడు. ‘ఆపండిరా’ అన్న ఒక్క మాట మాత్రం నోటెంట రాలేదు. పెద్దరికం అంటే అదన్నమాట. టీవీ మీద కోపం, మనుషుల మీద మొహమాటం.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికే చేతకానిది లీగ్ ఆఫీసుకేం చేతనవుతుంది? ఇంట్లోవాడే నోరు విప్పాల్సొచ్చింది. ఆ జట్టులోనే ఆడిన పిచర్ మైక్ ఫియర్స్ 2019 నవంబర్‌లో తన పేరు దాచుకోకుండా ఓ పత్రికకు మొత్తం చెప్పేశాడు.

2020 జనవరి 13న లీగ్ కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ తీర్పు వచ్చింది. క్లబ్‌కు 50 లక్షల డాలర్ల జరిమానా. కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో నాలుగు ఎంపికలు గోవిందా. హించ్‌కూ, జనరల్ మేనేజర్ జెఫ్ లునోకూ ఏడాది సస్పెన్షన్. ఆ రోజే యజమాని ఇద్దరి ఉద్యోగాలూ ఊడబెరికాడు. మరి డబ్బా కొట్టినవాళ్లకు? ఆ మోత విని బంతిని స్టాండ్స్‌లోకి పంపినవాళ్లకు? సున్నా. నిజం చెబితే ఏమీ అనమని ముందే మాటిచ్చేశారు. పైగా, దాదాపు అందరికీ పాత్రో, ఎరుకో ఉంది కాబట్టి ఎవరిది ఎంత తప్పో తేల్చడం కష్టమట! ఒక్కడు చేస్తే నేరం. అందరూ చేస్తే పరిపాలనా ఇబ్బంది. ఆటగాళ్లకు తలా 4 లక్షల 38 వేల డాలర్ల పైచిలుకు గెలుపు వాటా ముట్టింది. వాపసు అడిగారా? కప్పు తిరిగి లాక్కోరేం అంటే, అదో లోహపు ముక్క అని కొట్టిపారేశాడు కమిషనర్. తర్వాత నాలిక్కరుచుకుని క్షమాపణ చెప్పాడనుకోండి.

యజమాని జిమ్ క్రేన్ ఇంకా ఘనుడు. ఫిబ్రవరిలో విలేకరుల ముందు కూర్చుని, దీని ప్రభావం ఆట మీద పడలేదన్నాడు. నిమిషం తిరక్కుండానే, ప్రభావం లేదని నేననలేదే అన్నాడు. మన నాయకులు మాట మార్చడానికి కనీసం మర్నాటి దాకా ఆగుతారు!

అప్పుడు లేచారు తోటి ఆటగాళ్లు. ఆస్ట్రోస్ మా కప్పు దొంగిలించారు, వాళ్ల ఆల్టువే యాంకీస్ ఆరన్ జడ్జ్ దగ్గర ఎంవీపీ (సీజన్ మేటి ఆటగాడి అవార్డు) కొట్టేశాడు అన్నాడు 2017 ఫైనల్లో ఓడిన డాడ్జర్స్ బెలింజర్. విషయం తెలీకపోతే నోరు మూసుకో అన్నాడు ఆస్ట్రోస్ కొరియా. మోసం చేశారు, అది మీరు సంపాదించుకున్న కప్పు కాదన్నాడు జడ్జ్. వాళ్లలో ప్రతి ఒక్కడికీ దెబ్బలు పడాల్సిందే అన్నాడు అట్లాంటా మార్కేకిస్. వినడానికి ఎంత బాగుందో! కానీ నాయనా, ఈ కోపం ఇన్నాళ్లూ ఏ లాకర్‌లో పెట్టారు? ఫియర్స్ తర్వాత చేరిన జట్లలో సహచరులను ముందే హెచ్చరించాడు కదా, అప్పుడొక్క గొంతూ పైకి లేవలేదేం?

అసలు తమాషా ఇంకోటి. నిజం చెప్పిన ఫియర్స్‌నే చాడీకోరు అన్నారు. అన్నది ఎవరో దారినపోయే దానయ్య కాదు, బోస్టన్ దిగ్గజం డేవిడ్ ఒర్టీజ్. దొంగతనం జట్టు రహస్యం, చెప్పడం ద్రోహం. ఇదీ వాళ్ల నీతిశాస్త్రం. జడ్జ్ ఆడే యాంకీస్ తక్కువ తిన్నారా? 2015, 16లో రీప్లే గదిని వాడుకుని సైగలు చదివినందుకు లక్ష డాలర్ల జరిమానా కట్టారు. ఆ సంగతి చెప్పే లేఖ బయటికి రాకుండా కోర్టులో పోరాడి, 2022లో ఓడారు.

మన క్రికెట్‌లో 2018 మార్చి నాటి కేప్‌టౌన్ గుర్తుందా? బంతికి గరుకు కాగితం రుద్దిన వ్యవహారంలో స్మిత్‌నూ, అప్పటి మన సన్‌రైజర్స్ వార్నర్‌నూ ఏడాది ఇంట్లో కూర్చోబెట్టింది వాళ్ల సొంత ఆస్ట్రేలియా బోర్డే. బంతిలో తేడా కనపడక అంపైర్లు దాన్ని మార్చనే లేదు. అయినా ఏడాది! ఇక్కడ సీజన్‌లో చాలాభాగం డబ్బా మోగితే ఒక్క ఆటగాడికి ఒక్క మ్యాచ్ నిషేధం లేదు.

ఆగండాగండి, ఒకరికి పడింది. 2020 జులైలో డాడ్జర్స్ పిచర్ జో కెల్లీ హ్యూస్టన్ బ్యాటర్ల ఒంటి మీదికి బంతులు విసిరి, కొరియా వైపు మూతి ముడిచి వెక్కిరించాడు. ఎనిమిది మ్యాచుల సస్పెన్షన్! కరోనాతో 60 మ్యాచులకు కుదించిన సీజన్‌లో ఎనిమిది. అప్పీలు చేస్తే ఐదయ్యాయి. కెల్లీ కూడా సుద్దపూసేం కాదు. అతను 2018లో ఆడిన బోస్టన్ జట్టు మీదా సైగల కేసు నడిచింది. అక్కడ దొరికింది ఎవరయ్యా అంటే, రీప్లే గదిలో కూర్చునే ఒక ఉద్యోగి. ఆటగాళ్లకు షరా మామూలే.

ఇక నష్టపోయినవాడి సంగతి. 2017 ఆగస్టు 4న టొరంటో పిచర్ మైక్ బోల్సింగర్ హ్యూస్టన్‌లో బంతి పట్టాడు. ఒక్కణ్ని ఔట్ చేసేలోపు నాలుగు పరుగులిచ్చాడు. ఆ మ్యాచ్‌లో మొత్తం 54 సార్లు డబ్బా మోగిందని వీడియోలు చూసిన ఆ అభిమాని లెక్క. బోల్సింగర్‌ను వెంటనే కింది లీగ్‌కు దింపేశారు. మళ్లీ మేజర్ లీగ్ గడప తొక్కలేదు. కాలిఫోర్నియాలో కేసు వేస్తే, ఇది ఇక్కడ తేలే వ్యవహారం కాదు పొమ్మంది కోర్టు. హించ్‌కు మాత్రం శిక్ష గడువు తీరిన కొద్దిరోజులకే డెట్రాయిట్ మేనేజర్ కుర్చీ వేసింది. ఆస్ట్రోస్ కోచ్‌గా ఈ డబ్బా మంత్రాంగంలో చెయ్యి కలిపిన అలెక్స్ కోరాను బోస్టన్ మళ్లీ పిలిచి, పాత మేనేజర్ కుర్చీలోనే కూర్చోబెట్టింది.