పత్తి ఊళ్లో ఉన్ని స్వెటర్

పర్చూరు దగ్గర ఒక పత్తి రైతు ఇంట్లో, చెక్క బీరువా అడుగు అరలో నా బతుకులో ఎక్కువ భాగం గడిచింది. పై అరలో మంగళగిరి చీరలు, మధ్య అరలో చీరాల పంచెలు, నేత దుప్పట్లు. అవన్నీ ఈ నేలకు అలవాటైన నూలు బట్టలు. అందులో ఉన్నితో చేసినదాన్ని నేనొక్కదాన్నే.

ఇక్కడి గొర్రెతో కూడా నాకు చుట్టరికం లేదు. నెల్లూరు జాతి గొర్రెను మాంసానికే పెంచుతారు. దాని ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. కోస్తా ఎండకు దానికి ఆ మాత్రం చాలు. ఆ ఇంటి పెద్దాయన తాతగారికి మాత్రం దక్కనీ గొర్రెల ఉన్నితో నేసిన గొంగళి ఒకటి ఉండేదట. వానలో పొలం కాపలాకు పోతూ కప్పుకునేవాడట. నేను ఆ ఇంటికి వచ్చేసరికి గొంగళీ లేదు, తడిలో కూడా అది మనిషిని ఎలా కాచేదో చెప్పేవాళ్లూ లేరు.

నేను పుట్టింది లూథియానాలో. ఆస్ట్రేలియా గొర్రెల ఉన్ని, అల్లిక మిషను, ముదురాకుపచ్చ రంగు, ముందు ఆరు బొత్తాలు. నా పుట్టుక గురించి అంతకు మించి చెప్పుకోవాల్సింది లేదు. నాకు బాగా గుర్తుండిపోయింది నన్ను అమ్మిన మనిషి.

చలికాలం మొదలవగానే టిబెట్ వాళ్లు మన పట్టణాలకు వచ్చి రోడ్డు పక్కన గుడారాలు వేస్తారు. 1959లోనూ ఆ తర్వాతా దేశం వదిలి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు. కర్ణాటకలో బైలకుప్పె, ముండగోడు లాంటి చోట్ల ఇచ్చిన భూముల్లో మొక్కజొన్న వేసుకుంటారు. పంట ఇంటికి చేరాక లూథియానా సరుకు అరువుకు తెచ్చి ఊరూరా అమ్ముకుంటారు. గుంటూరులో నన్ను దులిపి చూపించిన ఆవిడ నడివయసు మనిషి. పత్తి అమ్మడానికి వచ్చిన పెద్దాయన వేసవిలో కేదారనాథ్ వెళ్తున్నానని చెప్పగానే ఆమె బేరం ఆపేసి, వచ్చీరాని తెలుగులో ఒక్కటే మాట రెండుసార్లు చెప్పింది. "లోపల తడి వద్దు. తడి ఉంటే స్వెటర్ ఉన్నా చలే." ఆయన తలూపాడు, పది రూపాయలు తగ్గించుకున్నాడు, ఆ మాట అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు.

ప్రయాణం వైశాఖంలో. మిరప కాయ అమ్మేశారు, పత్తి కట్టె పీకేశారు, బయట 44 డిగ్రీల ఎండ. నడిమింట్లో ట్రంకుపెట్టె తెరిచి పెద్దాయన భార్య సర్దుతోంది. సున్నుండలు, జంతికలు, కారప్పొడి, చింతకాయ పచ్చడి ముందే డబ్బాలకెక్కాయి.

"ఏవండీ, స్వెటర్ చేతికందేలా పైన పెట్టనా?"

"దాన్ని చూస్తేనే చెమట పడుతోందే. అడుగున పెట్టు. ఇంకో రెండు దుప్పట్లు వెయ్యి, సరిపోతుంది."

"అక్కడ మంచు పడుతుందంటున్నారండీ."

"మన దుప్పటికి ఆగని చలా?"

ఆయన్ని నేను తప్పుపట్టను. పుట్టినప్పట్నుంచీ ఎండతోనే బతికిన మనిషి. డిసెంబరు తెల్లవారుజామున తలకు తువ్వాలు చుట్టుకుని చుట్ట కాల్చుకుంటే పోయే చలి తప్ప ఆయన వేరే చలి ఎరగడు. కాని ఎండలో కూర్చుని చలికి పెట్టె సర్దేవాళ్లు లెక్క వేసుకోవాలి. కిలోమీటరు ఎత్తు పెరిగితే సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. ఆయన ఊరు సముద్రానికి దగ్గర, దాదాపు సముద్రమట్టమే. కేదారనాథ్ 3,583 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తు ఒక్కటే 23 డిగ్రీలు తగ్గించేస్తుంది. పైగా ఉత్తరానికి పోతున్నాం, రాత్రి ఉంటుంది, వాన ఉంటుంది, మంచుకొండల మీద నుంచి దిగే గాలి ఉంటుంది.

ఆ రోజుల్లో గౌరీకుండ్ నుంచి గుడికి 14 కిలోమీటర్ల నడక. పొద్దున ఎండ బాగానే ఉంది. ఎక్కుతూ ఎక్కుతూ ఆయన చెమటతో తడిసిపోయాడు. నూలు బనీను, దాని మీద నూలు చొక్కా, దాని మీద నూలు దుప్పటి, మూడూ ఆ చెమటను పీల్చుకున్నాయి. పీల్చుకోవడమే నూలు గుణం. మన ఎండలో అదే ప్రాణం నిలబెడుతుంది. తడి ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. కొండ మీద కూడా అది ఆ పనే చేసింది. దారిలో రాంబాడా దగ్గరికి వచ్చేసరికి మబ్బు కమ్మి వాన మొదలైంది. పొడి గాలి కంటే నీరు ఇరవై రెట్లకు పైగా జోరుగా ఒంటి వేడిని లాగేస్తుంది. ఆయన పెదాలు నల్లబడ్డాయి. టీ గ్లాసు పట్టుకోబోతే వేళ్లు ముడుచుకోలేదు. మాట ముద్దగా వస్తోంది.

అప్పుడు ఆవిడ సామాను మోస్తున్న గుర్రాన్ని ఆపించి, పెట్టె అడుగు నుంచి నన్ను లాగింది. అందరూ చూస్తున్నారని కూడా అనుకోలేదు. తడి బట్టలన్నీ విప్పించి, తువ్వాలుతో గట్టిగా తుడిచి, నన్ను ఆయన ఒంటికే తొడిగింది. నా బతుకులో నేను గర్వంగా చెప్పుకునే ఘడియ అదే. నేను వేడి పుట్టించలేను. మనిషి ఒంట్లో పుట్టే వేడిని బయటికి పోకుండా ఆపుతాను. ఉన్ని పోగు తిన్నగా ఉండదు, మెలికలు తిరిగి ఉంటుంది. ఆ మెలికల సందుల్లో గాలి కదలకుండా చిక్కుకుంటుంది. ఆ నిలిచిన గాలే వెచ్చదనం. పైగా నా బరువులో దాదాపు మూడో వంతు తేమ నాలో చేరినా తడిగా తగలను. గంట గడిచాక ఆయన టీ అడిగాడు. మర్నాడు దర్శనం చేసుకున్నాడు.

2013 జూన్ వరదలో రాంబాడా మొత్తం కొట్టుకుపోయిందని టీవీలో చెబుతుంటే బీరువాలోంచి విన్నాను. ఆయనకు టీ పోసిన చోటు ఇప్పుడు లేదు.

ఊరికి తిరిగి వచ్చాక నాకు జరిగినది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ఉడుకునీళ్లలో సబ్బుపొడి వేసి నన్ను నానబెట్టారు. బండకేసి బాదారు. మెలిపెట్టి పిండి తీగ మీద ఎండకు వేలాడదీశారు. పంచెకైతే అదే సరైన ఉతుకు. ఉన్ని పోగు ఒంటినిండా చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. వేడి, నీళ్లు, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బిగుసుకుపోతాయి, మళ్లీ విడవవు. నా చేతులు జానెడు కురచయ్యాయి. పెద్దాయన ఒకసారి తొడిగి చూసి, "చీప్ సరుకు, కుంచించుకుపోయింది" అని అడుగు అరలో పడేశాడు. రాంబాడాలో ఆయన్ని కాచిన సరుకు అది. చన్నీళ్లు, కుంకుడుకాయ రసం, నీడన పరిచి ఆరబెట్టడం, ఈ మూడే నేను అడిగేది.

ఆ తర్వాత వచ్చిన 1987-88 గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ ఏడు తెల్లదోమ పత్తి మీద పడింది. కాయతొలుచు పురుగు కోసం మందు మీద మందు కొడితే, దోమను తినే పురుగులు చచ్చాయి గాని దోమ చావలేదు. ఆకుల మీద జిగురు పట్టి నల్లబడింది, చేలకు చేలు పోయాయి. మందుల కొట్లో అప్పు, వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో ఎందరో రైతులు, చేనుకు కొట్టాల్సిన ఆ మందే తాగారు. మా ఇంటి అరుగు మీద మగవాళ్లు రాత్రిళ్లు నిద్రపోకుండా కూర్చునేవాళ్లు. ఆ ఇంట్లో ఇక ప్రయాణాల మాటెవరెత్తుతారు? నాఫ్తలీన్ ఉండలెవరు కొంటారు? పాతవి ఆవిరైపోయాయి. పురుగు చేరింది. మీదున్న నూలు చీరలను అది ముట్టుకోదు. ఉన్నిలో ఉన్న మాంసకృత్తే దానికి ఆహారం, అందులోనూ చెమట మరక ఉన్నచోటు మరీ ఇష్టం. భుజం దగ్గర, మోచేతుల దగ్గర నాకు చిల్లులు పడ్డాయి.

పదేళ్లు గడిచాయి. అబ్బాయి ఇంజనీరింగ్ పూర్తి చేసి ఎం.ఎస్. చదవడానికి మినియాపొలిస్‌కు బయల్దేరాడు. అప్పట్లో అమెరికా వెళ్లేవాళ్లకు మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 32 కిలోలు. ఆ ఇంట్లో నెలరోజులు అదే పని. ప్రెజర్ కుక్కర్, ఇడ్లీ రేకులు, కందిపప్పు, కారం, ఆవకాయ, గోంగూర, పదో పన్నెండో నూలు బనీన్లు, జీన్సు ప్యాంట్లు. చేలో పత్తి తూచే కొక్కేల కాటాను దూలానికి కట్టి పెట్టెను దానికి తగిలించారు. ముల్లు 33 దాటింది.

ఆవిడకు రాంబాడా గుర్తుంది. నన్ను సూది దారంతో బాగుచేసి పెట్టెలో పెట్టింది ఆవిడే. "ఇదొక్కటి ఉండనీరా, నాయనా."

"అమ్మా, అక్కడ అన్నీ దొరుకుతాయి. గోంగూర దొరకదు."

గోంగూర ఉంది, నేను బయటికొచ్చాను. వాడి మాటలో కొంత నిజముందని ఒప్పుకుంటాను. మైనస్ ఇరవైకి తగిన కోటు గుంటూరులో కొనడం దండగ, ఆ చలికి కుట్టిన కోటు ఆ ఊళ్లోనే కొనాలి. వాడు దిగింది ఆగస్టులో, అక్కడా ఎండాకాలమే. కాని చలి కోటు కొనేదాకా ఆగదు. చేతిలో డబ్బు లేని ఆ మొదటి నెలల్లోనే నాలాంటి పొడి ఉన్ని బట్ట ఒకటి కావాలి. అక్టోబరులో వాన, నవంబరులో మంచు. జీన్సు కూడా నూలే. బస్టాపు దగ్గర మంచులో తడిసి కాళ్లకు అంటుకుపోయేదట. ఫోన్‌లో వాడి గొంతు వణకడం విని ఆవిడ నా అర వైపు చూసింది. అంత దూరం నన్నెవరు పంపుతారు?

తర్వాత కోడలికి పురుడు పోయడానికి ఆవిడ అక్కడికి వెళ్లినప్పుడు శొంఠి, కాయం పొట్లాలతో పాటు తన పాత మంగళగిరి చీరలు చింపి కుట్టిన పొత్తిగుడ్డలు పట్టుకెళ్లింది. ఇంట్లో హీటరు వెచ్చగా ఉండే చోట పసిబిడ్డ ఒంటికి మెత్తటి నూలును మించింది లేదు. అప్పుడు నన్ను తీసుకెళ్లలేదు, తీసుకెళ్లాలని నేనూ అనుకోలేదు.

పెద్దాయన పోయాక, పెద్దకర్మ అయ్యాక ఆయన బట్టలు పంచిపెట్టారు. పంచెలు పోయాయి, చొక్కాలు పోయాయి, ఆఖరికి చిరిగిన తువ్వాళ్లు కూడా పోయాయి. "ఈ ఎండల్లో స్వెటరెవరికమ్మా" అని ఒకరి తర్వాత ఒకరు నన్ను వదిలేశారు. కొన్నాళ్లు మోటార్‌సైకిల్ తుడిచారు నాతో. తర్వాత వరండా మూల కుక్క పడుకునే చోట పరిచారు. బొత్తాలు నాలుగు ఊడిపోయాయి. వానజల్లుకు తడిసి, ఎండకు ఆరి, దుమ్ము పట్టి అక్కడే ఉన్నాను. రాత్రిళ్లు కుక్క నా మీద ముడుచుకుని పడుకునేది. వెచ్చగా ఉంచే పని ఇంకా నాకు మిగిలి ఉందని దానివల్లే తెలిసేది.

ఒక మార్చిలో మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, లారీకి ఎత్తడానికి గుంటూరు నుంచి హమాలీలు వచ్చారు. బక్కపలచని మనిషొకడు మంచినీళ్లు తాగుతూ నన్ను చూశాడు. "అమ్మగారూ, ఆ స్వెటరు మీకు అక్కర్లేకపోతే నాకిస్తారా?" ఆవిడ ఆశ్చర్యపోయింది. "ఎందుకయ్యా?" "కోల్డ్‌స్టోరేజీలోకండీ."

అక్కడికి వెళ్లాకే నాకు తెలిసింది, చలి దేశం గుంటూరులోనే ఉందని. ఊరి చుట్టూ వందకు పైగా కోల్డ్‌స్టోరేజీలున్నాయి. కాయ రంగు, ఘాటు తగ్గకుండా, పురుగు పట్టకుండా లోపల పది డిగ్రీల లోపు ఉంచుతారు. బయట 44. హమాలీ నలభై కిలోల పైచిలుకు టిక్కీ భుజానికెత్తుకుని, చెమటతో ముద్దయిన బనీనుతో ఆ తలుపులోంచి లోపలికి పోతాడు. చెక్క అరల మధ్య మెట్లెక్కి దించి, మళ్లీ ఎండలోకి వస్తాడు, మళ్లీ పోతాడు. గొంతులో కారం, ఒంటి మీద తడి, దాని మీద చలి. రాంబాడాలో పెద్దాయనకు ఒక్కసారి జరిగింది ఇక్కడి మనుషులకు రోజూ జరుగుతోంది. అబ్బాయి పెట్టె సర్దడానికి ఇంటిల్లిపాదీ నెల రోజులు పనిచేశారు. వీళ్లకు సర్దిపెట్టేవాళ్లెవరు?

నా కొత్త యజమాని భార్య నన్ను కుంకుడు రసంతో ఉతికి, చాప మీద నీడన ఆరబెట్టింది. చిల్లులకు పాత సాక్సు ఉన్నితో మాట్లు వేసింది. కురచైన నా చేతులు ఆయనకు సరిగ్గా సరిపోయాయి. తలుపు దగ్గర మేకుకు ఒక పొడి బనీను ఎప్పుడూ వేలాడుతుంటుంది. తడిది విప్పి, పొడిది తొడుక్కుని, దాని మీద నన్ను వేసుకుని లోపలికి పోతాడు. టిబెట్ ఆవిడ చెప్పిన మాట ఆయన ఎవరి దగ్గరా వినలేదు. దగ్గుతో మంచాన పడ్డ తోటివాళ్లను చూసి తనే కనిపెట్టాడు.

కిందటేడు హమాలీలంతా కలిసి గుమాస్తాను అడిగారు. లోపలికి దిగేవాళ్లకు తలా ఒక ఉన్ని కోటు, మార్చుకోవడానికి రెండు బనీన్లు ఇవ్వమన్నారు. కొత్త కాయ వచ్చేలోగా చూద్దామన్నాడు. కొత్త కాయ దిగడం మొదలైంది, కోట్లు రాలేదు. ఈ సోమవారం మళ్లీ అడగబోతున్నారు. ఈసారి కోల్డ్‌స్టోరేజీ యజమాని దగ్గరికే వెళ్తారట, నన్ను చూపించడానికి తీసుకుపోతారట.