కుక్కపిల్ల పెంపకంలో వినకూడని సలహాలు

ఇంటికి కుక్కపిల్ల వచ్చిందని తెలిస్తే చాలు, సలహాలకు కొదవుండదు. మంచి మనసుతో చెప్పినవే అయినా, వాటిలో కొన్ని ఆ పిల్లను జీవితాంతం బాధపెడతాయి. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ లాంటి పెద్ద జాతి పిల్లల్ని అపార్ట్‌మెంట్లలో పెంచేవాళ్లు ముఖ్యంగా ఈ అయిదు మాటలూ వినవద్దు.

1. “మూడో నెలలోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించెయ్యండి”

కాలి ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్లుంటాయి. ఎముక పొడవు పెరిగేది అక్కడే. వయసుకొచ్చినప్పుడు ఊరే హార్మోన్లు వాటిని గట్టిపరిచి ఎదుగుదలను ఆపుతాయి. వృషణాలో అండాశయాలో ముందే తీసేస్తే ఆ ప్లేట్లు ఆలస్యంగా మూసుకుంటాయి. కాళ్లు అతిగా పొడుగు సాగి, కీళ్ల పొందిక దెబ్బతినవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో బెంజమిన్ హార్ట్, లినెట్ హార్ట్ బృందం 2014లో ఈ సంగతే చూపింది. ఆపరేషన్ కాని లాబ్రడార్లు, గోల్డెన్లలో కీళ్ల జబ్బులు సుమారు 5 శాతం. 6 నెలలలోపు ఆపరేషన్ అయితే లాబ్రడార్లలో అవి రెట్టింపు, గోల్డెన్లలో నాలుగైదు రెట్లు. పెద్ద జాతి మగపిల్లకు ఎదుగుదల ఆగేదాకా, అంటే సుమారు 9 నుంచి 15 నెలల వరకు ఆగడం మంచిది.

2. “అయితే ఆపరేషన్ ఎప్పటికీ వద్దు”

ఇదీ తప్పే. ఆపరేషన్ చేయించని ఆడకుక్కకు వయసు పైబడ్డాక గర్భసంచిలో చీము పట్టవచ్చు. అది ప్రాణం తీసే జబ్బు. రొమ్ము గడ్డల ముప్పూ ఉంటుంది. చాలా చిన్న జాతులకు తొందరగా చేయించినా కీళ్ల ముప్పు పెద్దగా పెరగదు. వీధికుక్కల లెక్క వేరు. వాటి సంఖ్య అదుపులో ఉండాలంటే ఆపరేషన్ తప్పదు. జాతి, బరువు, ఆడా మగా చెప్పి పశువైద్యుడితో ఆపరేషన్‌కు తగిన వయసు తేల్చుకోండి.

3. “టీకాలన్నీ అయ్యేదాకా గడప దాటనివ్వద్దు”

మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకు కుక్కపిల్ల లోకాన్ని పరిచయం చేసుకుంటుంది. ఆ రోజుల్లో కొత్త మనుషుల్ని, ఆటోల మోతను, కుక్కర్ విజిల్‌ను చూసి, విని అలవాటు పడకపోతే పెద్దయ్యాక ప్రతిదానికీ బెదురుతుంది. అమెరికాలో 1961లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, 14 వారాలదాకా మనిషి పొత్తు లేకుండా పెరిగిన పిల్లలు అడవి జంతువుల్లా మనుషుల్ని తప్పించుకు తిరిగాయి. టీకాలు పూర్తికాని పిల్లకు పార్వో అనే వైరస్ జబ్బు సోకుతుందన్న భయం నిజమే. అందుకే కుక్కలు తిరిగే చోట నేల మీద దించకండి. మొదటి టీకా పడి వారం గడిచాక చంకనెత్తుకుని వీధి చూపించండి. టీకాలు పూర్తయిన ఆరోగ్యమైన కుక్కలున్న ఇళ్లకు తీసుకెళ్లండి.

4. “ఎముకలు ముదిరేదాకా బాల్కనీలో కట్టేసి ఉంచండి”

కదలనిదే కండ పట్టదు, కండ లేనిదే కీలు నిలవదు. నార్వేలో నాలుగు పెద్ద జాతుల పిల్లల్ని గమనించిన పరిశోధకులు 2012లో రెండు సంగతులు చెప్పారు. మూడు నెలలలోపు మెత్తని నేల మీద స్వేచ్ఛగా తిరిగిన పిల్లల్లో తుంటి కీలు జబ్బు తక్కువ. ఆ వయసులో రోజూ మెట్లెక్కి దిగినవాటిలో ఎక్కువ. కాబట్టి గడ్డి మీద తిరగనివ్వండి, మెట్ల దగ్గర ఎత్తుకోండి. నున్నటి టైల్స్ మీద జారకుండా పట్టాలు పరచండి.

5. “అల్లరి మానాలంటే ఆపరేషనే మందు”

మగకుక్క గోడలు దూకి తిరగడం, ఇంట్లో అక్కడక్కడా మూత్రం పోయడం తగ్గవచ్చు. భయంతో మొరిగే, కరవబోయే కుక్కకు మాత్రం ఆపరేషన్‌తో ధైర్యం రాదు. రోజంతా ఒంటరిగా కట్టేసిన పిల్ల అరవక ఏం చేస్తుంది? దానికి ఆట, నడక, మీ సమయం కావాలి.

కుక్కపిల్ల ఎదిగే కాలం ఏడాది, మహా అయితే రెండేళ్లు. అప్పుడు జరిగిన నష్టాన్ని తర్వాత ఏ మందూ పూర్తిగా పూడ్చలేదు. ఆ కొద్ది కాలం ఓపిక పట్టలేమనుకుంటే, దయచేసి కుక్కపిల్లను తెచ్చుకోకండి.