గాల్లో ఉన్న కాలు

ఎలక్ట్రిక్ గిటార్ పొట్టలో ఉండేంత చిన్న సర్క్యూటును నేను క్లాసులో కూడా ఎప్పుడూ చెప్పలేదు. అయస్కాంతాల మీద రాగి తీగ చుట్టిన పికప్పులు, నాబ్‌ల కింద తిరిగే రెండు పాట్లు, ఒక కండెన్సర్, ఒక జాక్. బ్యాటరీ లేదు, ట్రాన్సిస్టర్ లేదు. చేతి నేర్పు ఉన్న పదో తరగతి పిల్లవాడు ఒక్క పూటలో అతికించేస్తాడు. ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైన నేను అందులో చేయడానికి వీలున్న తప్పుల్లో దాదాపు దేన్నీ వదిలిపెట్టలేదు. తెలియక చేశానంటే కాస్త గౌరవం దక్కేది. పరీక్షల్లో ప్రశ్నలిచ్చి మరీ పిల్లల్ని ఏడిపించిన విషయాల్లోనే చేశాను.

రిటైరయ్యాక చేతికి ఏదో పని కావాలి కదా. గిటార్ ఒకటి సొంతంగా తయారు చేయించుకుంటానని ఇంట్లో ప్రకటించాను. కొనుక్కుంటే పోయేదానికి ఈ తిప్పలెందుకని మా ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మహాగని చెక్కతో బాడీ కోసిపెట్టింది మా పేటలో సోఫాలు చేసే వడ్రంగి. నెక్కు తయారుగా దొరికేదే తెప్పించాను. పికప్పులు రెండూ హంబకర్లు. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు పెట్టిన రకం అది. రెండు కాయిళ్లను ఎదురెదురు దిశల్లో కలపడం వల్ల కరెంటు మోత ఒకదానిలోది మరొకదానిలోదాన్ని కొట్టేస్తుంది. వడ్రంగి తన వంతు పని వంక పెట్టడానికి లేకుండా ముగించి, గిటార్‌ను నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. అక్కణ్ణించి నా ప్రతాపం మొదలు.

మా వీధి చివర పాత రేడియోలు బాగుచేసే మెకానిక్ ఒకాయన ఉన్నాడు. మాటల్లో గిటార్ సంగతి చెబితే, "పాట్లు ఐదొందల కె వేయండి మాస్టారూ, లాగ్. వాల్వు రేడియోల్లో వాల్యూమ్‌కి మేం వేసేవి అవేగా" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. రేడియో ఎక్కడ, గిటార్ ఎక్కడ! నిజానికి ఎలక్ట్రిక్ గిటార్ చరిత్ర కొంత చదువుకున్నవాణ్ణే. స్ట్రాటోకాస్టర్‌ను 1954లో బజారుకు తెచ్చిన లియో ఫెండర్, అంతకుముందు 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు తెరిచిన మనిషి. ఆయనకు గిటార్ వాయించడం రాదు. ఆయన గిటార్లలో పెట్టిన పాట్లూ కండెన్సర్లూ రేడియో షాపు సరుకే. ఫుల్లర్టన్ రేడియో మెకానిక్ అంటే నాకు భక్తి. మా వీధి రేడియో మెకానిక్ మాట మాత్రం చెవికెక్కలేదు.

ఇంట్లో డబ్బా నిండా 10 కిలో ఓమ్‌ల పాట్లు మూలుగుతున్నాయి. పాట్ ఏదైనా ఓల్టేజిని పంచడమే దాని పని, నిష్పత్తి కుదిరితే చాలు, విలువతో ఏం పని అనుకుని వాటినే పెట్టేశాను. ఆ మాట ఎక్కడ చెల్లుతుందో నేనే బోర్డు మీద రాసేవాణ్ణి: సోర్సు ఇంపెడెన్సు తక్కువగా ఉన్నచోట. గిటార్ పికప్ అలాంటిది కాదు. వెంట్రుక మందం తీగను వేల చుట్లు చుట్టిన కాయిల్ అది. నా హంబకర్‌కు నిరోధం 8 కిలో ఓమ్‌లు, ఇండక్టెన్సు సుమారు 4 హెన్రీలు. దానికి 10 కిలో ఓమ్‌ల పాట్ తగిలిస్తే 700 హెర్ట్జ్ దాటాక స్వరం పడిపోతూ వస్తుంది. గిటార్ మొదటి తీగను ఊరికే మీటితేనే 330 హెర్ట్జ్. అంటే ఆ తీగ రెండో హార్మోనిక్‌కు పైనుండే మెరుపంతా నా పాట్ మింగేసింది. కాయితం మీద నాలుగు పంక్తుల లెక్క. ఆ లెక్క నేను ఎప్పుడు వేశానంటే, ఆంప్లిఫయరును అనుమానించి, కేబుల్ మార్చి, తీగలు కొత్తవి ఎక్కించి, చివరికి పికప్పులు అమ్మినతన్ని ఫోనులో నిలదీశాక. "పాట్ ఎంత వేశారు సార్?" అని అతను ఒక్క ప్రశ్న అడిగాడు. తర్వాత చేస్తానని ఫోను పెట్టేశాను.

కోఠీ వెళ్లాను, గుజరాతీ గల్లీకి. ఐదొందల కె పాట్లు రెండు ఇమ్మన్నాను. "లాగా, లీనియరా?" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. రేడియో మెకానిక్ చెప్పింది గుర్తుంది. కానీ నాన్‌లీనియర్ అంటే డిస్టార్షన్, డిస్టార్షన్ అంటే పాపం అని సర్వీసంతా బోధించినవాణ్ణి. "లీనియరే ఇవ్వు బాబూ" అన్నాను, ఈమాత్రం తెలియదా అన్నట్టు.

ఇంటికొచ్చి బిగించి చూస్తే వాల్యూమ్ నాబ్ పది నుంచి మూడు దాకా తిప్పినా శబ్దం పెద్దగా తగ్గినట్టు ఉండదు. ఆ కిందకు దిగగానే అమాంతం మాయమవుతుంది. లీనియర్ పాట్‌ను సగానికి తిప్పితే ఓల్టేజి సగమవుతుంది. అది 6 డెసిబెల్స్ తగ్గుదల. చెవికి మాత్రం కాస్త తగ్గినట్టు ఉంటుందంతే. ఇంకో సగానికి దింపితే ఇంకో 6. శబ్దం అణగడమంతా చివర్న చిటికెడు తిప్పులోనే జరిగిపోతుంది. లాగ్ పాట్ అయితే సగం దగ్గరే ఓల్టేజిని ఏడో వంతుకో పదో వంతుకో దింపేస్తుంది. అప్పుడు నాబ్ తిరిగినంత మేరా శబ్దం తగ్గినట్టు చెవికి తోస్తుంది. వినికిడికి డెసిబెల్ కొలత ఎందుకు నప్పుతుందో వివరించమని ప్రశ్న ఇచ్చి, రాయనివాళ్లకు మార్కులు కోసిన చెయ్యి ఇది. మళ్లీ కోఠీ వెళ్లాను. ఈసారి వేరే కొట్టుకు. (పాట్ మీద 500 పక్కన 'ఏ' అని ఉంటే సాధారణంగా లాగ్, 'బి' అని ఉంటే లీనియర్. అదే కుర్రాడి ముందు రెండోసారి నిలబడే యోగం మీకు పట్టకూడదని చెబుతున్నాను.)

ఎర్త్ విషయం పొడిగా చెప్పేస్తాను. గిటార్‌లో బ్రిడ్జి నుంచి పాట్ వీపు దాకా ఒక తీగ వెళ్లాలి. ఇంట్లో 50 హెర్ట్జ్ కరెంటు మోతను మన ఒళ్లే పట్టి పికప్పులకు చేరవేస్తుంది. తీగల మీద చెయ్యి పడగానే ఒళ్లు ఎర్త్ అయి మోత తగ్గేది ఈ ఏర్పాటు వల్లనే. ఆ తీగ వేయడం మరిచిపోయాను. గుయ్‌మనే మోత వస్తుంటే ఇంటి వైరింగును తిట్టి, ఎలక్ట్రీషియన్ను పిలిచి, పెరట్లో ఉప్పూ బొగ్గూ వేసి కొత్త ఎర్త్ గుంత తవ్వించాను. జానెడు తీగకు బదులు ఆరడుగుల గొయ్యి. అయితే ఆ గొయ్యి దండగ మాత్రం కాదు. వాయించేవాడి చేతులు ఎప్పుడూ ఎర్త్ అయిన తీగల మీదే ఉంటాయి కాబట్టి, మిగతా సామాను ఎర్త్ సరిగా లేకపోతే ప్రాణం మీదికే వస్తుంది. స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వే 1972లో స్వాన్సీలో వేదిక మీదే, ఎర్త్ లేని మైకును తాకి చనిపోయాడు.

ఇంతవరకు చేసినవి చెప్పుకోదగ్గవే. ఇక కండెన్సర్ సంగతి.

టోన్ నాబ్ చేసేది పంటకాలవ గట్టుకు కొట్టిన మడవ పని. కండెన్సర్ పై స్వరాలను తేలిగ్గా పోనిస్తుంది, కింది స్వరాలను ఆపుతుంది. దాన్ని సిగ్నల్‌కూ ఎర్త్‌కూ మధ్య పెడితే పై స్వరాలు అటు పారిపోతాయి. ఎంత పారాలో టోన్ పాట్ చెబుతుంది. నాబ్ పది మీద ఉంటే 500 కిలో ఓమ్‌లు అడ్డం ఉంటాయి కాబట్టి మడవ మూసినట్టే. సున్నాకు దింపితే బార్లా తెరిచినట్టు. సింగిల్ కాయిల్ గిటార్లకు 0.047 మైక్రోఫారడ్, హంబకర్లకు 0.022 వేయడం మామూలు. 0.022 అంటే ఏ కొట్లో అడిగినా '223' అని అచ్చు వేసిన ఆకుపచ్చ మైలార్ కండెన్సర్ ఇస్తారు. కొద్ది రూపాయల సరుకు.

ఆ కొద్ది రూపాయల దగ్గరే నా మనసు ఒప్పలేదు. గిటార్ గొంతును నిర్ణయించే వస్తువు అంత చవగ్గా ఎలా ఉంటుంది? కాయితాన్ని నూనెలో నానబెట్టి గొట్టంలో సీలు చేసే పాతకాలపు కండెన్సర్లను ఇప్పటికీ చేసేవాళ్లున్నారు. దూరదేశం నుంచి తెప్పించాను. ఒకటి పోతే ఒకటుంటుందని రెండు. కస్టమ్స్‌తో కలిపి అయిన ఖర్చులో మా ఆవిడకు తెలిసింది సగమే.

అతికించి వాయించాను. తేడా వినిపించింది! పై స్వరాల్లో కరుకు పోయి తియ్యదనం వచ్చింది. మేనల్లుణ్ణి పిలిచి వినిపించి, "తెలుస్తోందా?" అన్నాను. "తెలుస్తోంది మామయ్యా" అన్నాడు. పెద్దవాళ్ల దగ్గర వాడు మర్యాద తప్పడు. నూనెలో నానిన కాయితం గురించి వాడికి ఆ పూటంతా పాఠం చెప్పాను. తర్వాత ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పాను. వాయించేటప్పుడు టోన్ నాబ్ పది మీదే ఉండేదని, అక్కడ ఏ కండెన్సర్ పెట్టినా వినిపించేంత తేడా ఉండదని మాత్రం తట్టలేదు. ఎప్పుడైనా నాబ్ కిందికి దింపితే పెద్దగా మార్పు తెలిసేది కాదు. నూనె కండెన్సర్ కదా, మృదువుగా పనిచేస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

కొన్నాళ్లకు జాక్ వదులై గరగర మొదలైంది. నా చేతి పని మీద అప్పటికి నాకూ అనుమానం పుట్టినట్టుంది, గిటార్ తీసుకుని మెకానిక్ దగ్గరికే వెళ్లాను. ఆయన వెనక మూత విప్పి, కళ్లజోడు సవరించుకుని, స్క్రూడ్రైవర్ మొనతో కండెన్సర్‌ను మెల్లగా కదిపాడు.

"దీని కాలు గాల్లో ఉందండీ మాస్టారూ."

"ఎప్పుడు ఊడిందో!" అన్నాను.

"ఊడటం కాదండీ. అసలు పట్టలేదు. ఇదిగో చూడండి, పాట్ వీపు మీద లెడ్డు మరకైనా లేదు."

పాట్ వీపు రేకు వేడిని లాగేసుకుంటుంది. నా 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ దానికి చాలలేదు. లెడ్డు కరిగి కండెన్సర్ కాలి చుట్టూ ముద్ద కట్టింది గానీ రేకును పట్టుకోలేదు. పైనుంచి చూస్తే అతికినట్టే ఉంది. మీటర్ పెడితే క్షణంలో తేలేది. మీటర్ పెట్టమని పిల్లలకు చెప్పేవాణ్ణి, నేను పెట్టలేదు. అన్నాళ్లూ నేను వాయించింది కండెన్సరే లేని గిటార్. మేనల్లుడికి వర్ణించి చెప్పిన తియ్యదనంలో నూనె చుక్క కూడా లేదు. నా చెవి విన్నది రసీదును.

ఆయనేమీ నవ్వలేదు. బ్లేడుతో పాట్ వీపు గీకి, ఫ్లక్స్ రాసి, తన లావుపాటి ఐరన్‌తో ఒక్క తాకుడులో పని ముగించాడు. పెట్టింది సొరుగులో దొరికిన ఆకుపచ్చ 223. "మీ లావుపాటిదే మళ్లీ పెట్టమంటారా?" అని అడిగాడు, వద్దన్నాను. టోన్ నాబ్ దింపితే గిటార్ గొంతు మారడం నేను విన్నది అదే మొదటిసారి. వాల్యూమ్ తగ్గించినప్పుడు స్వరం మొద్దుబారుతోందని కూడా ఆయనే పసిగట్టి, టోన్‌కు వెళ్లే తీగను వాల్యూమ్ పాట్ పక్క కాలి నుంచి తీసి నడిమి కాలికి మార్చాడు. పదును మిగిలింది. 1950ల గిబ్సన్ గిటార్ల వైరింగు అదే. ఆ సంగతి ఆయనకు తెలియదు. నాకు తెలుసు, పుస్తకంలో ఆ పేజీకి గుర్తు కూడా పెట్టుకున్నాను.

గిటార్ వైరింగుకు దిగేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే మూత బిగించేలోపు ప్రతి అతుకుకూ మీటర్ పెట్టండి. నా దగ్గర 0.022 నూనె కండెన్సర్లు రెండున్నాయి. కావలసినవాళ్లు అడగండి, పోస్టు ఖర్చులు కూడా నేనే పెట్టుకుంటాను. రెండూ కొత్తవే. ఒకటి కొన్నాళ్లు గిటార్‌లో ఉంది గానీ, వాడింది కాదు.