మొహమాటమే మూలధనం

తెలుగు పట్టణాల అపార్ట్‌మెంట్లలో బోర్డు లేకుండా, షట్టరు లేకుండా, అద్దె లేకుండా, పడకగదిలోని దివాన్ కాట్ అడుగున నడిచే వ్యాపారాలలో చీరల వ్యాపారానిదే పెద్దపీట. దీనిని నడిపే గృహిణిని ఇరుగుపొరుగువారు పేరు పెట్టి పిలవడం అరుదు. ‘మూడో ఫ్లోర్ చీరలావిడ’ అంటే చాలు, వాచ్‌మన్ సైతం దారి చూపిస్తాడు. పిల్లలు బడికి వెళ్లింది మొదలు తిరిగి వచ్చేదాకా సాగే ఈ వ్యాపారానికి సరుకు సూరత్ నుంచి, సేలం దగ్గరి ఇలంపిళ్లై నుంచి, విజయవాడ వస్త్రలత నుంచి, హైదరాబాద్ మదీనా అంగళ్ల నుంచి వస్తుంది. కొనేవారు మాత్రం ఎక్కడి నుంచీ రానక్కరలేదు. పుట్టుక వల్లనో, పెళ్లి వల్లనో, పక్కింట్లో అద్దెకు దిగడం వల్లనో వారు ముందే సమకూడి ఉంటారు. ప్రచారానికి ఆమె పైసా ఖర్చు పెట్టదన్న మాట చాలావరకు నిజమే గాని, పెట్టుబడి లేదన్న మాట నిజం కాదు. ఆ పెట్టుబడి పేరు మొహమాటం, అది కూడా ఎదుటివారిది.

ఈ విద్యకు విదేశాలలోనూ పూర్వచరిత్ర ఉంది. అమెరికాలో టప్పర్‌వేర్ ప్లాస్టిక్ డబ్బాలు దుకాణాల అరల్లో కదలక కూర్చున్న రోజుల్లో, వాటిని గృహిణుల ఇళ్లలో జరిగే విందుల్లో చూపించి అమ్మడంలో బ్రౌనీ వైజ్ అనే మహిళ ఆరితేరింది. ఆ పద్ధతి ఎంతగా ఫలించిందంటే 1951లో సంస్థ తన సరుకును దుకాణాల నుంచే తీసివేసి, ఇంటి విందులనే నమ్ముకుంది. ఆతిథ్యమిచ్చిన ఇల్లాలి ముఖం చూసి అతిథులు ఒక డబ్బా అయినా కొనక తప్పదన్నదే అందులోని కిటుకు. చీరలావిడ బ్రౌనీ వైజ్ పేరు విని ఉండదు. పేరంటాలు పిలిచే ఆచారం చేతిలో ఉండగా విననవసరమూ లేదు.

శ్రావణ పూర్ణిమకు ముందు వచ్చే శుక్రవారం నాటి వరలక్ష్మీ వ్రతం ఆమె వ్యాపార సంవత్సరానికి శిఖరం. ముత్తయిదువలు వచ్చి, పసుపు రాయించుకొని, గంధం పూయించుకొని, నానబెట్టిన శనగలూ తాంబూలమూ అందుకొనేటప్పుడు తమలపాకుల నడుమ వక్కపొడి పొట్లంతో పాటు ఒక విజిటింగ్ కార్డు కూడా తగులుతుంది. కలశానికి కట్టిన చీర మీద ఎవరి చూపైనా ఒక క్షణం ఎక్కువ నిలిచిందంటే, “అమ్మవారికి కట్టింది ముదురాకుపచ్చ వదినా, అదే బోర్డరులో వంగపండు రంగూ, నెమలికంఠం రంగూ ఉన్నాయి” అన్న సమాచారం మంగళహారతి చల్లారకముందే అందుతుంది. ఇందులో భక్తికి లోటు జరిగిందని ఎవరైనా అంటే అన్యాయమే అవుతుంది. లక్ష్మిని ఇంటికి పిలవడమే వ్రతం ఉద్దేశమైనప్పుడు, ఏ దారిన రావాలో కూడా సూచించిన భక్తురాలిని తప్పుపట్టడానికి శాస్త్రాధారం కనబడదు.

మిగిలిన పదకొండు నెలల ప్రచారభారాన్ని వాట్సాప్ మోస్తుంది. అందులో స్టేటస్ అనేది 24 గంటలలో మాయమయ్యే ప్రకటన కాబట్టి ఆమె ప్రతి ఉదయం కాఫీ కంటే ముందు కొత్తది పెడుతుంది. బ్రాడ్‌కాస్ట్ జాబితా అనేది ఒకే సందేశాన్ని 256 మందికి విడివిడిగా చేరవేసే సదుపాయం గాని, ఆమె నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే అది అందుతుంది, పెళ్లిలోగానీ పరామర్శలోగానీ ఎవరు ఎదురైనా “నా నంబరు సేవ్ చేసుకున్నారు కదా?” అని ఆమె ఆప్యాయంగా అడగడం వెనుక ఉన్న సాంకేతిక కారణం ఇదే. ఆ సందేశాలకు ప్రత్యేకమైన పరిభాష ఉంది. ‘సింగిల్ పీస్’ అంటే ఆ రంగులో ఒక్కటే మిగిలిందని, కనుక ఆలోచించే వ్యవధి లేదని అర్థం. మరుసటి వారం అదే రంగు మళ్లీ సింగిల్ పీసుగా దర్శనమివ్వడం విధివిలాసం. ‘ఓపెనింగ్ వీడియో మస్ట్’ అంటే పొరుగూరి కొనుగోలుదారు పార్సిల్ విప్పుతూ వీడియో తీయకపోతే చిరుగుకు పూచీ లేదని షరతు. ‘పోచంపల్లి మోడల్’, ‘ఉప్పాడ మోడల్’ అన్నవి ఆ ఊళ్లను చూడని చీరలకు గౌరవార్థం ఇచ్చే బిరుదులు. 1905లో మొదలైన స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి ఆగస్టు 7న జరుపుతున్న జాతీయ చేనేత దినోత్సవానికి కూడా ఆమె వెనుకాడక రాయితీ ప్రకటిస్తుంది. ఆ రాయితీ సూరత్ మరమగ్గాల సరుకుకే వర్తించడాన్ని ఎవరూ ప్రశ్నించరు. పట్టుపోగును కాల్చితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుందని, పాలిస్టర్ అయితే కరిగి పూసలా గట్టిపడుతుందని అందరికీ తెలుసు గాని, పొరుగింటి మంచం మీద కూర్చొని, వారిచ్చిన కాఫీ తాగుతూ, వారి చీర పోగుకు అగ్గిపుల్ల గీసే ధైర్యం ఏ ఇల్లాలికుంటుంది?

అమ్మకం జరిగే తీరు గమనించదగినది. “కొనమని కాదు వదినా, చూడ్డానికి డబ్బులెందుకు?” అన్న వాక్యంతో మొదటి మడత విప్పబడుతుంది, అయిదారు చీరలు మంచమంతా పరుచుకొనేసరికి, చూడవచ్చిన వదినకు అవన్నీ మళ్లీ మడవవలసిన చేతుల మీద జాలి కలుగుతుంది. అప్పుడు ఒక చీర కొంగు ఆమె భుజం మీద వాలుతుంది, అల్మరా అద్దం వైపు ఆమెను మెల్లగా తిప్పడం జరుగుతుంది, “మీ చాయకి ఎత్తి చూపిస్తోంది” అన్న తీర్పు వెలువడుతుంది. తరువాత గొంతు తగ్గించి, “మీకు కాబట్టి ఈ రేటు, పైవాళ్లకి చెప్పకండి” అన్న రహస్యం చెవిలో పడుతుంది. ఈ రహస్యాన్ని అయిదు అంతస్తులవారూ విడివిడిగా కాపాడుతున్నారు.

ప్రచారం చవక కావడానికి అసలు కారణమొకటి లెక్కలలో కనబడదు. ఫొటోలు తీసేది ఇంటర్ చదివే కూతురు, చిరునామాలు అతికించేది కొడుకు, ఆఫీసుకు వెళ్తూ కొరియర్ దుకాణం దగ్గర స్కూటర్ ఆపేది భర్త. వీరిలో ఎవరికీ జీతం లేదు, ఆమె తనకు తాను జీతం రాసుకున్నదీ లేదు. ‘ఖాళీగా ఉండే బదులు’ అని చుట్టాలు ఈ వ్యాపారాన్ని మెచ్చుకుంటారు గాని, వంటా పిల్లలూ అత్తగారి మందులూ నెత్తిన పెట్టుకొని ఆమె ఎప్పుడు ఖాళీగా ఉన్నదో వారే చెప్పాలి. ఖాతా పుస్తకంలో ప్రచారం కింద చూపదగిన ఖర్చు ఒక్కటే: ప్రతి కొత్త సరుకు నుంచి ఒక చీర తీసి ఆమె తానే కట్టుకొని పెళ్లిళ్లకు వెళ్తుంది, కట్టిన చీరను అమ్మడం మర్యాద కాదు కనుక అది అమ్మకాల జాబితా నుంచి తొలగి ఆమె బీరువాలో చేరుతుంది. వ్యాపారంలో క్రమం తప్పకుండా పెరుగుతున్న పద్దు ఇదేనని భర్త అభిప్రాయం.

అయితే మొహమాటమనే మూలధనానికి ఒక చిక్కుంది: అది అమ్మినవారిని కూడా పట్టుకుంటుంది. “డబ్బులకేం తొందర, ఎప్పుడిచ్చినా పర్లేదు” అని చీర చేతిలో పెట్టిన గొంతుకు, రెండు నెలల తరువాత ఆ డబ్బు అడగడం చేతకాదు. వసూలుకని బయలుదేరిన చీరలావిడ బాకీదారు ఇంట్లో పిల్లల చదువుల గురించి, నీళ్ల ట్యాంకరు గురించి మాట్లాడి, చివరికి “ఆ చీర రంగు పోలేదు కదా?” అని మాత్రం అడిగి వస్తుంది. ఇటీవల అయిదో ఫ్లోర్ బాకీదారు మిల్లెట్ లడ్డూల వ్యాపారం మొదలుపెట్టి, తొలి సందేశం పంపిన జాబితాలో చీరలావిడను చేర్చింది. “కొనమని కాదు అక్కా, రుచి చూడ్డానికి డబ్బులెందుకు?” అంటూ ప్లేటు చేతికిచ్చింది. చీరలావిడ అరకిలో రాగి లడ్డూలు తీసుకొని, డబ్బు అక్కడికక్కడే ఫోన్‌పే చేసి, పాత బాకీ సంగతి ఎత్తకుండా మెట్లు దిగింది.