పైన పదిహేను, కింద తొమ్మిది

జూన్ నెలాఖరులో ఉత్తర మిషిగన్‌లో రాత్రి తొమ్మిదిన్నర అయితే గానీ పొద్దు గుంకదు. అక్కడి రాష్ట్ర పార్కుల్లో పది కొట్టేసరికి అందరూ గొంతు తగ్గించాలి. పొద్దున్న ఎనిమిదింటి దాకా అదే రూలు. ఒకటి ప్రకృతి చేసిన ఏర్పాటు, ఇంకోటి ప్రభుత్వం చేసింది. మధ్యలో మనిషికి మిగిలింది అరగంట. మంట చుట్టూ కూర్చోవాలంటే చీకటి పడాలి, చీకటి పడ్డాక నోరెత్తకూడదు. డెట్రాయిట్ శివార్లలోని ట్రాయ్, నోవై, కాంటన్ ఊళ్ల నుంచి మూడు కార్లలో దిగిన తెలుగు కుటుంబాలకి ఎలుగుబంటి కన్నా ఈ పది గంటలంటేనే ఎక్కువ భయం. ఎలుగుబంటికి ఫైను వేసే అధికారం లేదు.

ఆ అరగంటలోనే తీపి తినాలి. పిల్లలకి ఏ ఇబ్బందీ లేదు. పుల్లకి మార్ష్‌మెలో గుచ్చి, కాల్చి, చాక్లెట్ ముక్కతో సహా రెండు బిస్కెట్ల మధ్య నొక్కేస్తే స్మోర్ తయారు. 1927లోనే గర్ల్ స్కౌట్స్ పుస్తకంలో దాని తయారీ అచ్చయింది. అప్పట్నుంచి దాన్ని ఎవరూ పెద్దగా మెరుగుపరచలేదు, పాడుచేయడమూ కష్టమే. పెద్దవాళ్లకి నచ్చనిది అదే. నాలుగు గంటలు కారు నడిపి, టెంటు జాగాకి అద్దె కట్టి, దోమలకి రక్తదానం చేసి, తీరా వండింది పిల్లల వంట అంటే పరువేం కాను? కాబట్టి పండ్ల పేస్ట్రీ చేయాలి. అదీ చెర్రీలతో.

చెర్రీలే ఎందుకంటే ఆ నేల అలాంటిది. అమెరికాలో పండే పుల్ల చెర్రీల్లో దాదాపు ముప్పాతిక వంతు మిషిగన్‌వే. చెర్రీ పై విషయంలో అక్కడి ఊళ్ల పంతం ముందు మన లడ్డూ వేలంపాటలు చిన్నబోతాయి. 1976లో చార్లవాయ్ అనే చిన్న ఊరు 17,420 పౌండ్ల చెర్రీ పై కాల్చి ప్రపంచ రికార్డు పట్టేసింది. యాభై మైళ్ల దూరంలో ఉన్న ట్రావర్స్ సిటీకి అది పదకొండేళ్లు మింగుడు పడలేదు. 1987లో 28,350 పౌండ్లది కాల్చి ఊపిరి పీల్చుకుంది. మూడేళ్లు తిరక్కుండానే కెనడాలో ఆలివర్ అనే ఊరు ఆ రెంటినీ తలదన్నింది. ఓడిపోయిన రెండు ఊళ్లూ తమ తమ రేకు పళ్లేలను దాచుకోలేదు సరికదా, రోడ్డు పక్కన నిలబెట్టి వచ్చేపోయేవాళ్లకి చూపించుకుంటున్నాయి.

పుల్ల చెర్రీ కంటబడగానే తెలుగువాళ్లకి ముందు తట్టేది పై కాదు, పచ్చడి. గ్రానీ స్మిత్ ఆపిల్‌ని ఉగాది పచ్చడిలో మామిడికాయ స్థానంలో కూర్చోబెట్టినవాళ్లు మరి! అయినా అడవికి వచ్చి ఆవాలు నూరుకోవడం బాగుండదని ఆ ఆలోచన బలవంతాన ఆపుకుంటారు.

ముందు కట్టెల సంగతి. ఇంటి వెనక పడిపోయిన చెట్టు కొట్టించి గరాజ్‌లో పేర్చుకున్న కట్టెలుండగా పార్కు గేటు దగ్గర డబ్బు పోసి కొనడమేమిటని మనవాళ్ల బాధ. తేకూడదంటారు మరి. 2002లో డెట్రాయిట్ దగ్గర ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఆకుపచ్చ పురుగు బయటపడింది. యాష్ చెట్ల బెరడు కింద సొరంగాలు తవ్వి కోట్ల చెట్లను చంపింది. దూరప్రాంతాలకి అది ప్రయాణం కట్టింది ఎక్కువగా ఇలా కార్ల డిక్కీల్లో ఎక్కిన కట్టెలతోనే. ఆసియా నుంచి సరుకుల చెక్కపెట్టెల్లో వచ్చి, డెట్రాయిట్ శివార్లలో స్థిరపడి, అక్కణ్ణుంచి మిగతా రాష్ట్రాలకి విస్తరించిందని నోటీసు బోర్డు మీద చదివేటప్పుడు మనవాళ్లు ఎందుకో కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

కట్టెలు అంటుకోగానే అసలు తొందర మొదలవుతుంది. మంట లేచింది కదా, ఇంక వండెయ్యమంటారు. ఫొటోకైతే మంట బాగుంటుంది. వంటకి కావలసింది నిప్పులు. మంటలో పెట్టిన పిండికి పైన మసి పడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. కట్టెలు కాలి, కూలి, పైన తెల్లటి బూడిద పొర కమ్మేసరికి ముప్పావుగంట, గంట పడుతుంది. అంటే తొమ్మిదిన్నరకి వండాలంటే ఎనిమిదిన్నరకే, ఇంకా ఎండ మొహాన కొడుతుండగానే, నెగడు వేసుకుని చుట్టూ కూర్చోవాలి. పొగ మాత్రం ఏ గాలి వీచినా కొత్తల్లుడి వైపే వెళ్తుంది. దీనికి శాస్త్రీయ కారణం ఉండే ఉంటుంది గానీ, అత్తగారి ముందు కుర్చీ మార్చుకునే ధైర్యం ఏ అల్లుడికీ లేదు.

మొదటి పనిముట్టు పై ఐరన్. రెండు పొడుగాటి కాడలు, చివర్న ఒకదాని మీద ఒకటి బిగిసే రెండు పోత ఇనుప పలకలు. మన ఇళ్లలో గ్యాస్ పొయ్యి మీద అటూ ఇటూ తిప్పి శాండ్‌విచ్ కాల్చే టోస్టర్ ఉండేదే, దానికి కాడ పెరిగింది, అంతే. ఆస్ట్రేలియావాళ్లు దాన్ని జాఫిల్ ఐరన్ అంటారు. వెన్న రాసిన వైపు బయటికి ఉండేట్టు ఓ బ్రెడ్ ముక్క పరిచి, డబ్బాలోంచి చెర్రీ ఫిల్లింగ్ రెండు చెంచాలు వేసి, ఇంకో ముక్క మూసి, బిగించి, నిప్పుల మీద ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు ఉంచితే చాలు. అంచులు వాటంతటవే అతుక్కుని నలుచదరపు కజ్జికాయ బయటికొస్తుంది.

అక్కడితో తృప్తి పడితే బాగానే ఉండేది. బ్రెడ్ ఏం బాగుంటుంది, పఫ్ పేస్ట్రీతో చేద్దామని ఎవరో ఒకరు అంటారు. హైదరాబాద్ బేకరీల్లో ఎగ్ పఫ్ తిని ఇంజినీరింగ్ గట్టెక్కిన తరం కదా, పొరలు లేవకపోతే అది తిండిలా ఆనదు. ఆ పొరలు లేపేది పిండి మడతల మధ్య గడ్డకట్టి ఉన్న వెన్న. వేడి తగిలితే అందులోని నీరు, పిండిలోని నీరు ఆవిరై మడతల్ని విడదీస్తాయి. తిప్పలేమిటంటే ఆ వెన్న 35 డిగ్రీల సెల్సియస్ లోపే కరిగిపోతుంది. మధ్యాహ్నమంతా ఐస్‌బాక్స్‌లో కోక్ సీసాల కింద నలిగి, సాయంత్రం పిల్లల చేతుల్లో నలిగి, నిప్పుల దాకా వచ్చేసరికి వెన్న ఎప్పుడో పిండిలో ఇంకిపోయి ఉంటుంది. పైగా పై ఐరన్ చేసే పనే నొక్కిపట్టడం. లేవాల్సినదాన్ని రెండు ఇనుప పలకల మధ్య బిగించి, గొళ్లెం పెట్టి, ఎందుకు లేవలేదా అని సమీక్షా సమావేశం జరపడం ఇంజినీర్లకే సాధ్యం.

మామిడి గుజ్జు వేద్దామనే వర్గం ఒకటి ఉంటుంది. చిత్తూరు జిల్లా తోతాపురి గుజ్జు ప్రపంచమంతా తిరుగుతుంది, నిజమే. కానీ ఆ గుజ్జు పలచన, బిగించగానే నాలుగు వైపులా కారి నిప్పుల్ని ఆర్పేస్తుంది. కొనుక్కున్న చెర్రీ ఫిల్లింగ్‌లో మొక్కజొన్న పిండి వేసి ముందే చిక్కబరిచి ఉంటారు గనక అది కదలదు. ఆ చిక్కదనంలోనే ప్రమాదం కూడా ఉంది. పంచదార పాకంతో కలిసి ఉడికింది కాబట్టి అది నీళ్లు మరిగే వేడికి తక్కువ ఉండదు, చిక్కన కాబట్టి తొందరగా చల్లారదు. పైన బ్రెడ్ మాత్రం రెండు నిమిషాల్లో గోరువెచ్చనై ఏమీ ఎరగనట్టు ఉంటుంది. "చల్లారింది, తినండి అల్లుడుగారూ" అని మామగారు వేలితో తాకి మరీ చెబుతారు. అల్లుడు కొరుకుతాడు. ఆ రాత్రి పార్కు మొత్తంలో నిశ్శబ్ద నిబంధనని తు.చ. తప్పకుండా పాటించేది అతనొక్కడే.

రెండో పనిముట్టు డచ్ అవెన్. దీని బరువు వేరు, హోదా వేరు. మూడు పొట్టి కాళ్లు, మందపాటి పోత ఇనుము, పైన పోసిన నిప్పులు జారిపోకుండా అంచు కట్టిన మూత. అబ్రహాం డార్బీ అనే ఇంగ్లండ్ ఆసామి హాలండ్‌లో పోత పని చూసొచ్చి, 1707లో ఇసుక మూసల్లో ఇనుప పాత్రలు పోసే పద్ధతికి పేటెంట్ పుచ్చుకున్నాడు. ఈ వంశం అక్కణ్ణుంచి మొదలైంది. జార్జ్ వాషింగ్టన్ తల్లి వీలునామాలో ఇనుప వంటసామాను వాటాల ప్రస్తావన కూడా ఉంది. 1997లో యూటా రాష్ట్రం దీన్ని అధికారిక వంటపాత్రగా ప్రకటించింది. మన రాష్ట్రాలు పక్షి, పువ్వు, చెట్టు లాంటివాటి దగ్గరే ఆగాయి, అదీ మంచిదే. పాత్ర దాకా వస్తే మూకుడు వర్గం, ఇడ్లీ పాత్ర వర్గం కలిసి శాసనసభని సాగనివ్వవు.

డచ్ అవెన్‌కి లెక్క ఉంది. లెక్క ఉందనగానే మనవాళ్ల మొహాలు వెలుగుతాయి. పాత్ర అడ్డకొలత ఎన్ని అంగుళాలో చూసి, దానికి మూడు కలిపి అన్ని బొగ్గు బిళ్లలు మూత మీద, మూడు తీసేసి అన్ని అడుగున పెట్టాలి. 12 అంగుళాల పాత్రకి పైన 15, కింద 9. లోపల వేడి దాదాపు 350 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 175. వేడి పైకే పోతుంది కాబట్టి కింద ఎక్కువ పెడితే అడుగు మాడుతుంది, పైన తక్కువైతే పిండి ఎర్రబడదు. పదిహేను నిమిషాలకోసారి పాత్రని పావు చుట్టు ఒకవైపు, మూతని పావు చుట్టు రెండోవైపు తిప్పాలి. ఒకాయన ఫోన్‌లో టైమర్ పెడతాడు, ఇంకొకాయన వేడిని దూరం నుంచే కొలిచే తుపాకీ తీస్తాడు, మూడో ఆయన ఎక్సెల్ షీటు తెరవబోయి సిగ్నల్ లేక ఆగిపోతాడు.

ఈ బొగ్గు బిళ్లలకి మిషిగన్‌తో చుట్టరికం ఉంది. వాటికి 1897లోనే ఎల్స్‌వర్త్ జ్వాయర్ పేటెంట్ తీసుకున్నా, ఊరూరికీ చేర్చింది కార్ల హెన్రీ ఫోర్డ్. మోడల్ టీ కారుకి కలప చాలా కావలసి వచ్చేది. ఎడ్వర్డ్ కింగ్స్‌ఫర్డ్ అనే బంధువు సాయంతో ఉత్తరాన ఐరన్ మౌంటెన్ దగ్గర అడవులు కొని కోతమిల్లు పెట్టాడు. మిగిలిన చెక్కముక్కలు, రంపపు పొట్టు పారబోయడానికి ఆయనకి చెయ్యాడలేదు. కాల్చి, గంజిపిండితో ముద్దచేసి, బిళ్లలు కొట్టి, కార్లమ్మే షోరూముల్లోనే సంచులు పెట్టి అమ్మించాడు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే కింగ్స్‌ఫర్డ్ బొగ్గు అదే. డెట్రాయిట్ కార్ల కంపెనీల్లో పనిచేసే తెలుగు ఇంజినీరు సెలవు పెట్టి అడవికి పోయినా ఆ పరిశ్రమ వాసన వదలదన్నమాట.

ఫోర్డ్ గారు కూడా క్యాంపింగ్‌కి వెళ్లేవారు, ఎడిసన్‌ని, టైర్ల ఫైర్‌స్టోన్‌ని, ప్రకృతి రచయిత జాన్ బరోస్‌ని వెంటేసుకుని. 1921లో అధ్యక్షుడు హార్డింగ్ కూడా వచ్చి కలిశాడు. వెంట వంటమనిషి, వంటింటి ట్రక్కు, ఇరవై మంది కూర్చుని తినే గుండ్రటి బల్ల, దాని మధ్యలో వడ్డనకి తిరిగే పళ్లెం! అడవిలో సుఖపడదలచినవాడు ముందు వంట మానుకోవాలని ఆయనకి తెలిసింది. ఎడిసన్ అయితే చెట్టు కింద కునుకు తీస్తున్న ఫొటో కూడా ఉంది.

లెక్కలు ఇలా సాగుతుండగా భీమవరం నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మగారు శాలువా కప్పుకుని దగ్గరికొచ్చి చూస్తారు. "ఇదేంట్రా, కింద నిప్పులు, పైన నిప్పులు... దిబ్బరొట్టి కాలుస్తున్నారా?" గోదావరి జిల్లాల్లో మినప్పిండి మూకుట్లో మందంగా పోసి, కుంపటి మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు వేసి కాల్చడం ఆవిడ చిన్నప్పట్నుంచీ చూసిందే. ఏ డార్బీ చెప్పాడని? బిళ్లలు ఎన్ని అని ఆవిడ అడగరు. మూత మీద గాల్లో అరచెయ్యి పెట్టి, "ఓ నాలుగు తియ్యి, మాడిపోద్ది" అంటారు. కొడుకు తుపాకీ గురిపెట్టి కొలిస్తే 400 దాటి ఉంటుంది. నాలుగు బిళ్లలు పటకారుతో తీసేస్తాడు, గట్టిగా ఏమీ అనకుండా.

అసలు వంట చాలా తేలిక, అదే చిక్కు. పాత్ర అడుగున రెండు డబ్బాల చెర్రీ ఫిల్లింగ్, దాని మీద ఓ పెట్టె కేక్ పొడి, దాని మీద వెన్న ముక్కలు. కలపకూడదు. అడుగు నుంచి పళ్ల రసం ఆవిరి, పై నుంచి కరిగే వెన్న మధ్యలో పొడిని తడిపి, పైన కరకరలాడే పొర కడతాయి. కలిపితే ఆ పొర ఉండదు, ఎర్రటి అంటు మిగులుతుంది. గరిటె చేతిలో ఉండీ కలపకపోవడం తెలుగు వంటలో ఇంతవరకు ఎవరూ నేర్పని విద్య. "ఒక్కసారి అడుగు నుంచి తిప్పుతానే" అని అమ్మగారు, "వద్దత్తయ్య గారూ, పెట్టె మీద రాశారు" అని కోడలు. ఆ పెట్టె కోడలి వైపు ఉండటంతో ఆవిడ తగ్గుతారు.

నలభై అయిదు నిమిషాలు మూత తియ్యకూడదు. తీసిన ప్రతిసారీ లోపలి వేడి పోతుంది, అంచు మీది బూడిద చెర్రీల మీద రాలుతుంది. తీయకుండా ఎవరుంటారు? ఒకరు చూశారని ఇంకొకరు, వాళ్లు సరిగ్గా చూశారో లేదో అని మరొకరు. చివరికి పాత్ర దిగేసరికి పదీ ఇరవై. అందరూ గుసగుసలతో వడ్డించుకుంటారు. ఓ పక్క బూడిద రంగు, ఓ పక్క బంగారు రంగు, మధ్యలో పులుపు. బాగుందని అందరూ తలలు ఊపుతారు. చీకట్లో ఆ తలలు ఎవరికీ కనబడవు, అయినా రెండోసారి గిన్నెలు మాత్రం చాచుతారు.

మిగిలింది కారులో పెట్టి తాళం వెయ్యాలి. ఎలుగుబంటి రాకపోయినా రకూన్‌లు వస్తాయి, వాటికి ఐస్‌బాక్స్ మూత తియ్యడం బాగా వచ్చు.

పొద్దున్నే పాత్ర తోమే గొడవ. ఇనుముకి పట్టిన నూనె పూత పోతుందని కొడుకు సబ్బు పెట్టనివ్వడు. బూడిదుండగా సబ్బెందుకని అమ్మగారికి అర్థం కాదు. వేడినీళ్లతో కడిగి, తుడిచి, నూనె రాస్తుండగా ఆవిడ పాత్రని రెండు చేతులా ఎత్తి బరువు చూశారు. వెళ్లేటప్పుడు ఇది పట్టుకెళ్తానన్నారు. 12 అంగుళాలది దాదాపు తొమ్మిది కిలోలు, పెట్టెకి 23 కిలోలే. నాన్నగారు అప్పటికే బాదంపప్పు, పిస్తా, విటమిన్ బిళ్లల జాబితా రాసుకుని ఉన్నారు. ఆ కాగితం తీసి పెన్ను కోసం వెతుక్కుంటున్నారు. బాదంపప్పు కొట్టెయ్యాలా, పిస్తా కొట్టెయ్యాలా అన్నది ఇంకా తేలలేదు.